మూడో చక్రం దగ్గర ఎవరు?

కొత్త షోరూము, కింది అంతస్తు
జూన్ 4

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాసేది,

ముందు కాగితం చూడు. పైన చారల రాయి బొమ్మ, కింద షోరూము పేరు, చుట్టూ బంగారు అంచు. లెటర్‌హెడ్ నిన్ననే అచ్చయి వచ్చింది. కట్ట విప్పి మొదటి కాగితం నీకే రాస్తున్నాను. కాదనకు, నీమీద నాకు ఆ మాత్రం ప్రేమ ఉంది.

వెనక రేకుల షెడ్డు అలాగే ఉంది, అవే ఐదు సాన చక్రాలు. ముందు భాగం మాత్రం నువ్వు గుర్తుపట్టలేవు. నున్నటి నేల, నిలువెత్తు అద్దాలు. గుమ్మంలోకి రాగానే కనబడేట్టు నాన్న నీటిరాయిని అద్దాల పెట్టెలో పెట్టి, మీద చిన్న బల్బు వేయించాను. వచ్చినవాళ్ళు దాన్ని బయటికి తీయించుకుని చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళ చప్పుడు విని నోళ్ళు వెళ్ళబెడుతున్నారు.

నీతో ఒక పని పడింది. కొనేవాళ్ళ చేతిలో పెట్టడానికి చిన్న పుస్తకం వేయిద్దామనుకుంటున్నాను. మన చారల రాయి అగేట్ అంటే ఏమిటి, ఎలా పుడుతుంది, దేనికి పనికొస్తుంది, అంతే. నేనే రాద్దామని కూర్చుంటే రెండు వాక్యాలకే పెన్ను మొరాయించింది. నాది అమ్మే నోరు గాని రాసే చెయ్యి కాదు. మన షెడ్డులో మూడో చక్రం దగ్గర పద్నాలుగేళ్ళు, పొద్దున ఎనిమిది నుంచి దీపాలు పెట్టేదాకా అగేట్లు సానబట్టిన మనిషివి నువ్వు. ఆ దుమ్ములో కూర్చుని నువ్వు నేర్చుకున్నది ఏ పుస్తకంలో దొరుకుతుంది? నువ్వు రాస్తేనే నిజంగా ఉంటుంది.

నీ మరదలు కూడా రాద్దామనుకుంది. దానికి తీరిక లేదు.

తమ్ముడు


మేడ మీది గది
జూన్ 13

ఒరే చిన్నోడా,

నీ బంగారు అంచు కవరు చూసి కింద ఇంటావిడ ఎవరిదో పెళ్ళిపిలుపనుకుని చేతులు తుడుచుకుంటూ పైకొచ్చింది. కాదమ్మా, మా తమ్ముడికి పని పడిందన్నాను.

సరే, రాసుకో. కరిగిన రాయి భూమిలోంచి పొంగి చల్లారేటప్పుడు లోపల గాలి బుడగలు చిక్కుకుపోతాయి. రొట్టె తుంచితే కనబడతాయే, అలాంటి బొక్కలు. రాయి గట్టిపడ్డాక, ఇసుక సారాన్ని కరిగించుకున్న నీళ్ళు కొంచెం కొంచెంగా ఆ బొక్కల్లోకి ఊరతాయి. ఆ సారం గోడకి పొరగా పడుతుంది. దానిమీద మరో పొర, దానిమీద మరోటి. ఇనుము కలిసిన పొర ఎర్రగానో గోధుమరంగుగానో వస్తుంది, కలవనిది తెల్లగా ఉండిపోతుంది. అవే చారలు. నీ కొనుగోలుదార్లు ఈ చారలు లోపల్నించి బయటికి పెరిగాయనుకుంటారు. తప్పని చెప్పు. అన్నిటికంటే బయటి చారే పెద్దది, లోపలిది ఆఖరున పుట్టింది. నేను ముందు, నువ్వు తరవాత అయినట్టు.

మధ్యలో చోటు మిగిలితే స్ఫటికాలు మొలుస్తాయి. ఎప్పుడో ఒకసారి ఆ పాత నీళ్ళే లోపల ఉండిపోతాయి. నాన్న రాయి అదే. అగేట్ చూడ్డానికి ఎంత గట్టిదైనా పొరల్లో కంటికి కనబడని సందులుంటాయి. మనం వేసే రంగు ఎక్కేది వాటిలోంచే, లోపలి నీళ్ళు ఆవిరయి పోయేదీ వాటిలోంచే. నాన్న దాన్ని ఎప్పుడూ గిన్నెడు నీళ్ళలో ఎందుకు ఉంచేవాడనుకున్నావు? ఇవాళే ఆ బల్బు కిందనుంచి తీసి నీళ్ళలో వెయ్యి.

నాకూ ఒక పని పడింది. దగ్గు తగ్గలేదు. మెట్లెక్కి వచ్చాక తలుపు పట్టుకుని కాసేపు నిలబడితే గాని తాళం తియ్యలేను. ఇక్కడి పెద్దాసుపత్రిలో దుమ్ము జబ్బులకి వేరే వార్డు ఉంది. డాక్టరమ్మ నా ఛాతీ ఫొటో చూసి ఏం పని చేసేవారంది. చెప్పాను. ఎక్కడ, ఎన్నాళ్ళు చేశారో యజమాని చేత కాగితం రాయించుకు రమ్మంది. రెండు లైన్లు చాలు. రాసి, సంతకం పెట్టి పంపు.

అన్నట్టు, మూడో చక్రం దగ్గర ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు?

అక్క


షోరూము
జూలై 1

అక్కయ్యకు,

ఎంత బాగా రాశావే! చదువుతుంటే నువ్వు పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంది. దుమ్ము, సందులు, రంగు ఎక్కడం లాంటివి తీసేశాను. రంగేస్తామని మనమే అచ్చువేసి పంచితే కొనేవాడు పారిపోడూ?

ఉపయోగాల సంగతి కూడా రాసి పంపు. త్వరగా. అచ్చువాడు పీక మీద కూర్చున్నాడు.

నీ కాగితం సంగతి చూద్దాం. ఈ హడావుడి కాస్త తగ్గనీ. అయినా డాక్టర్లు కాగితాలడగడం ఎక్కువైంది ఈ మధ్య. దగ్గు మందు సీసాలు రెండు పంపుతున్నాను, మంచి కంపెనీవి. నీ మరదలికీ జలుబు పట్టి వదలడం లేదు. దానికీ ఇదే తాగిస్తున్నాను.

నాన్న రాయికేం కాలేదు, ఊపితే చప్పుడొస్తూనే ఉంది. గిన్నెలో పడేస్తే ఎవడు చూస్తాడు చెప్పు?

తమ్ముడు


మేడ మీది గది
జూలై 9

చిన్నోడా,

ఉపయోగాలు రాస్తున్నాను. కత్తి గీతకి లొంగదు, అదే గాజుని గీస్తుంది. పులుసులూ పుల్లటి రసాలూ దాన్నేం చెయ్యలేవు. అందుకే మందుల పరీక్షశాలల్లో పొడి నూరుకునే కల్వాలు దీంతో చేస్తారు, నూరేదాంట్లో రాతి పొడి కలవదు. చెక్క మీద బంగారు రేకు అంటించేవాళ్ళు నున్నటి అగేట్ మొనతో రుద్ది మెరుపు తెస్తారు. నాన్న చేసిన ఆ మొన ఇంకా నా పెట్టెలో ఉంది. సున్నితమైన త్రాసుల్లో కాడ ఊగే అంచుకి కూడా దీన్నే పెట్టేవాళ్ళు, ఎంత వాడినా అరగదని. ముద్ర ఉంగరాలకి వాడతారు, లక్క అంటుకోదు. ఇక పూసలూ పతకాలూ నీకు తెలిసినవే.

తీసేశానన్నావు గాని, తీసేసినంత మాత్రాన లేకుండా పోతాయా? చక్కెర పాకంలో రెండు వారాలు నానబెట్టి, ఆసిడ్‌లో ఉడకబెట్టి, నల్ల చారలు తెప్పించింది నా ఈ చేతులేగా. అరచేతుల్లో మచ్చలున్నాయి, కావాలంటే వాటినీ అచ్చు వేయించు.

అంత గట్టి రాయిని అరగదీస్తే ఆ అరిగిందంతా ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆలోచించావా? నాన్న తన దగ్గు మొదలయ్యాక ప్రతి చక్రం మీదా సన్నటి కుళాయి పెట్టించాడు. నీళ్ళు పడుతుంటే దుమ్ము లేవదు. నాన్న పోయిన ఏడాదికే నువ్వు వాటిని కట్టేశావు. తడి రాయి మీద చార కనబడదు, మాటిమాటికీ తుడుచుకోవాలి, పన్నెండు పూసలయ్యే చోట ఎనిమిదే అవుతాయన్నావు. నేను చీర కొంగు తడిపి ముక్కుకి కట్టుకుని కూర్చున్నాను. నోరెత్తలేదు, అది నా బుద్ధి తక్కువ.

దగ్గు మందుతో పోయేది కాదురా ఇది. మొదట క్షయ అనుకుని మూడు నెలలు ఆ మాత్రలు మింగించారు. ఏం లాభం లేకపోయింది. దుమ్ము వార్డులో చేర్చుకుంటే సరైన వైద్యం చేసి, ఇంట్లో పెట్టుకోవడానికి ఊపిరి మిషను కూడా ఇస్తారు. నువ్వు రాసిచ్చే రెండు లైన్లు లేకపోతే చేర్చుకోరు. నేను అడిగేది అంతే.

మూడో చక్రం దగ్గర ఎవరని అడిగాను. చెప్పలేదు. కుళాయిలు తిప్పావా?

అక్క


షోరూము
ఆగస్టు 5

అక్కయ్యకు,

పుస్తకం అచ్చయింది, ఒకటి పంపుతున్నాను. చివర "ఈ వివరాలు రాసినది: షోరూము యజమాని" అని ఉంటుంది. ఏమీ అనుకోకు, వ్యాపారంలో అలాగే వేస్తారు.

నీ కాగితం గురించి మనసులో మాట చెప్తాను, కోప్పడకు. నువ్వు అడిగినట్టు రాసిస్తే ఆ ఆసుపత్రివాళ్ళు ఊరుకోరు, దాన్ని పై ఆఫీసుకి పంపుతారు. అక్కణ్ణించి తనిఖీవాళ్ళు దిగుతారు. షెడ్డుకి సీలు వేస్తారు. షోరూము తెరిచి ఇంకా మూడు నెలలు కాలేదు. నా గొంతు మీద నేనే కత్తి పెట్టుకోవాలా?

పైగా నీ పేరు హాజరు పట్టీలో ఎక్కడుంది? మన షెడ్డులో ఇంటివాళ్ళ పేర్లు పట్టీలో ఎక్కించడమనేది నాన్న కాలం నుంచీ లేదు. బయటివాళ్ళ పేర్లే రాస్తాం. లేనిదాన్ని ఉందని ఎలా రాయను? దగ్గు వందరకాలుగా వస్తుంది. నువ్వు ఎన్నేళ్ళు పొయ్యి ఊదలేదు? నాన్నదీ చుట్టల దగ్గేగా.

నిన్ను ఊరికే పంపలేక ఒక కాగితం జత చేస్తున్నాను. ఇది చూపించి చూడు.

తమ్ముడు

(జత చేసిన కాగితం)
ఈమె నా అక్క. అప్పుడప్పుడు మా షాపుకు వచ్చి ప్యాకింగు పనిలో సాయం చేసేదని ధ్రువీకరిస్తున్నాను.


మేడ మీది గది
ఆగస్టు 12

తమ్ముడికి,

నీ ధ్రువీకరణ తిప్పి పంపుతున్నాను. ప్యాకింగు! అట్టపెట్టెలకి టేపు అంటించి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నానని చెప్పమంటావా డాక్టరమ్మకి? ఆవిడ నవ్వాలా, నేను ఏడవాలా?

నాన్న జన్మలో చుట్ట ముట్టలేదు. ఆయన పోయిన రోజు వచ్చినవాళ్ళందరికీ చుట్టల దగ్గని నువ్వు చెప్తుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఏడుపులో ఏదో అంటున్నాడులే అనుకున్నాను. అప్పుడే నీ చెంప పగలగొట్టాల్సింది. చచ్చిపోయిన మనిషి నోట్లో చుట్ట పెట్టావు కదరా, ఇప్పుడు నా చేతికి ఊదుగొట్టం ఇస్తున్నావు.

పట్టీలో పేరు లేదంటావు. ఇంటిమనిషికి పట్టీ ఏమిటని నాన్న అన్నది నిజమే, అప్పుడు అందులో నాకు ప్రేమే కనబడింది. ఇంటిమనిషినే గనక సెలవు అడగలేదు, ముక్కుకి మాస్కు అడగలేదు. ఇంకేం రాయలేను.

ఇది మూడోసారి అడగడం. మూడో చక్రం దగ్గర ఎవరు?

అక్క


షోరూము
సెప్టెంబర్ 2

అక్కకి,

నువ్వు తిట్టినవన్నీ పడ్డాను. పెద్దదానివి, తిట్టే హక్కుంది. కాగితం విషయం మాత్రం ఇక ఎత్తొద్దు. నా చేత్తో నేను రాసివ్వను. ఏం కావాలన్నా అడుగు, పళ్ళు పంపమంటే పంపుతాను, మనిషిని పెట్టమంటే పెడతాను. అదొక్కటే అడక్కు.

మూడో చక్రం దగ్గర ఎవరుంటే నీకెందుకు?

తమ్ముడు


దుమ్ము జబ్బుల వార్డు, కిటికీ పక్క మంచం
అక్టోబర్ 20

తమ్ముడికి,

చిరునామా మారింది, చూశావుగా. నన్ను చేర్చుకున్నారు.

ఎలాగంటావా? నువ్వే రాసిచ్చావు. పోయిన నెల ఆసుపత్రి గుమస్తా నా సంచిలో కాగితాలన్నీ బల్ల మీద పోయించాడు. యజమాని రాసింది ఏదైనా ఉందా, చీటీ అయినా సరే అన్నాడు. అందులోంచి నీ బంగారు అంచు ఉత్తరం బయటపడింది, జూన్ నాలుగోది. నువ్వు పంపిన పుస్తకం పేజీల మధ్య పెట్టుకున్నాను, తమ్ముడు ప్రేమగా రాశాడు గదా అని. ఆయన పైకి చదివాడు. "మన షెడ్డులో మూడో చక్రం దగ్గర పద్నాలుగేళ్ళు, పొద్దున ఎనిమిది నుంచి దీపాలు పెట్టేదాకా అగేట్లు సానబట్టిన మనిషివి నువ్వు. ఆ దుమ్ములో కూర్చుని..." అక్కడ ఆగి, పైన పేరు చూశాడు, కింద సంతకం చూశాడు. "ఇంతకంటే ఏం కావాలమ్మా" అన్నాడు.

నాకు సంతోషం కలగలేదు. నా చేత ఉచితంగా పుస్తకం రాయించుకోవడానికి పొగిడిన పొగడ్త అది. నువ్వు నాకు రాసినవాటిలో నిజం అదొక్కటే. దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, ఫైల్లో పెట్టుకొమ్మని తిరిగి ఇచ్చేముందు పావుగంట బల్ల ముందు నిలబడ్డాను. నీ షోరూము గుర్తొచ్చింది, నున్నటి నేలన్నావు, నేనింకా చూడనేలేదు. అంతలో దగ్గు వచ్చింది. వెనకవాళ్ళు వరుసలో చోటిచ్చి కూర్చోబెట్టారు. పరాయివాళ్ళు. ఇచ్చేశాను.

తనిఖీకి వస్తారు. ముందే చెప్తున్నాను, ఆ ఐదు కుళాయిలూ తిప్పుకో, మూడో చక్రం మీదది కూడా.

అక్క


షోరూము
నవంబర్ 11

నీకు,

వచ్చారు. షెడ్డుకి సీలు వేశారు. నీటి గొట్టాలు, దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టేదాకా తెరవకూడదట. వీధివాళ్ళంతా చూస్తుండగా లక్క కరిగించి ముద్ర కొట్టారు. చల్లగా ఉందా ప్రాణం?

ప్రేమగా రాసిన ఉత్తరాన్ని తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టావు. నీ నోటితో నువ్వు చెప్పుకుంటే పోయేదానికి నన్ను వీధికెక్కించావు. ఎవరెవరు పని చేస్తారని అడిగారు. పట్టీలో ఉన్న నలుగురి పేర్లే చెప్పాను. మూడో చక్రం రెండేళ్ళుగా ఎవరూ వాడడం లేదని రాసిచ్చి సంతకం పెట్టాను. ఈసారి జాగ్రత్తగానే రాశాను.

నాన్న రాయి పంపుతున్నాను. నాకొద్దు. దాన్ని చూస్తే నువ్వే గుర్తొస్తున్నావు. ఇకమీదట నాకు అక్క లేదు.


షోరూము
డిసెంబర్ 18

అక్కయ్యకు,

ఉత్తరం చూసి చించెయ్యకు. ఆఖరిదాకా చదువు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

మూడో చక్రం దగ్గర ఎవరని నువ్వు మూడుసార్లు అడిగావు. నీ మరదలు. నువ్వు వెళ్ళిపోయిన వారం నుంచే కూర్చుంటోంది. బయటి మనిషిని పెట్టుకోవడం ఎందుకు, ఇంటిమనిషి ఉండగా అని నేనే కూర్చోబెట్టాను. జలుబని రాశానే, అది జలుబు కాదు. నీకు వచ్చిందే. రెండేళ్ళకే వచ్చింది. బిందె ఎత్తితే ఆయాసం. నిన్న గుమ్మం పట్టుకుని నిలబడింది, తాళంచెవి చేతిలో ఉంది, తియ్యలేకపోయింది. నువ్వు రాసింది గుర్తొచ్చింది.

మీ వార్డుకే తీసుకురమ్మన్నారు. కాగితం కావాలన్నారు. నేనెలా రాసివ్వను? ఆ చక్రం ఎవరూ వాడలేదని సంతకం పెట్టి ఇచ్చాను. ఇప్పుడు మార్చి రాస్తే తనిఖీవాళ్ళకి అబద్ధం చెప్పినట్టవుతుంది. షెడ్డు ఇక ఎప్పటికీ తెరవనివ్వరు.

ఒక దారి ఉంది. నువ్వు రాసివ్వు. నాన్న ఉన్నప్పుడు నీ పక్కన కూర్చుని పని చేసేదని, కుళాయిలు పెట్టకముందు సంగతని రాసివ్వు. నీ మాట అక్కడ నమ్ముతారు. నాన్నకి ఇప్పుడు పోయేదేం లేదు గదా. దానికేం పాపం తెలియదక్కా. నామీద కోపం దానిమీద చూపించకు.

తమ్ముడు


దుమ్ము జబ్బుల వార్డు
డిసెంబర్ 24

చిన్నోడా,

రాయి చేరింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చప్పుడు లేదు. పక్క మంచం ఆవిడ చేత కూడా ఊపించాను, నా చెవులేమైనా పాడయ్యాయేమోనని. లేదు. మనుషులు పుట్టకముందు నుంచీ లోపలున్న నీళ్ళు నీ బల్బు కింద నాలుగైదు నెలల్లో ఆరిపోయాయి. తీసుకెళ్ళి గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేశాను. తిరిగి రావని నాకు తెలుసు. అయినా వేశాను.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మరదలి కోసం. మూడుసార్లు అడిగాను కదరా! మొదటిసారి అడిగినప్పుడే చెప్పి ఉంటే ఐదు నెలల దుమ్ము తక్కువ మింగేది. నీకూ తెలుసు, జూన్‌లోనే తెలుసు. తెలిసి దగ్గు మందు తాగించావు.

నాన్న మీద పెట్టి నేను రాయను. ఒకసారి ఆయన నోట్లో చుట్ట పెట్టావు, చాలు. ఆయన తప్పులు ఆయనకున్నాయి, నీవి కూడా మొయ్యడు.

నేను రాయాల్సిన అవసరం కూడా లేదు. నీ ఉత్తరం ఇందులోనే పెట్టి తిప్పి పంపుతున్నాను, చూసుకో. బంగారు అంచు ఉంది. షోరూము పేరుంది. "నువ్వు వెళ్ళిపోయిన వారం నుంచే కూర్చుంటోంది, నేనే కూర్చోబెట్టాను" అని నీ అక్షరాల్లోనే ఉంది. కింద సంతకం ఉంది. గుమస్తా ఇంతకంటే ఏమీ అడగడు.

ఈసారి నా సంచిలోంచి బయటపడదు. నీ చేత్తో నువ్వే తెచ్చి ఆ బల్ల మీద పెట్టాలి. పెడితే అబద్ధం బయటపడుతుంది, షెడ్డు శాశ్వతంగా మూతపడుతుంది. పెట్టకపోతే ఆవిడ ఊపిరి మూతపడుతుంది. ఇందులో నేను చెప్పేదేం లేదు. పావుగంట నిలబడతావో, నాలాగా దగ్గు వచ్చేదాకా నిలబడతావో నీ ఇష్టం. నీకు దగ్గు లేదు గదా, అదొక్కటే కష్టం.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి తలుపు తీస్తారు. ఏడింటికే వరుస కడతారు. నేను మిషను పక్కన పెట్టుకుని బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని మరదలికి చోటు పట్టి ఉంచుతాను. నీతో మాట్లాడను. ఆవిణ్ణి మెట్లెక్కించకు, పక్కన ర్యాంపు ఉంది.

అక్క